దోనెకు కట్టె గడ: ఎంచుకోవడం, వేయడం, పాడవకుండా చూసుకోవడం

తుంగభద్ర మీద సుంకేసుల ఎగువనో, శ్రీశైలం వెనక జలాల్లోనో చిన్న దోనె వేసుకుని తిరిగేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు మూడు. నేలకు ఆనించి దోనెను తోసే గడ ఎంత పొడవుండాలి? ఏ కట్టెతో చేయించాలి? వార్నిష్ కొట్టాలా, నూనె పట్టించాలా? గడ బురదలో దిగబడితే ఏం చేయాలని మాత్రం ఎవరూ అడగరు. నీళ్లలో పడేది ఎక్కువగా అక్కడే కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను.

ఇదంతా ఒకరిద్దరు ఎక్కే, 13 నుంచి 16 అడుగుల దోనెల గురించి. పుట్టికి ఇది పనికిరాదు. పుట్టి గుండ్రంగా ఉంటుంది కాబట్టి గడతో తోస్తే ముందుకు పోకుండా తిరుగుతుంది. దానికి తెడ్డే సరి.

కావలసినవి

- 12 అడుగుల కట్టె (ఏ కట్టె అన్నది కింద చెప్తాను)
- ఒక అంగుళం జీఐ పైపు ముక్క, 3 అంగుళాల పొడవు. ప్లంబింగ్ షాపులో కోయగా మిగిలిన ముక్క అడిగితే ఇస్తారు
- ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూ
- 80, 120 నంబర్ల శాండ్‌పేపర్ (ఉప్పు కాగితం), చిత్రిక లేదా ఆకురాయి
- డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, అర లీటరు. కొంచెం టర్పెంటైన్
- పాత నూలు గుడ్డలు
- ఒక తెడ్డు
- లైఫ్ జాకెట్. ఈత వచ్చినా సరే

గడ తయారీ

1. ముందు కట్టె ఎంచుకోండి. విదేశీ వీడియోల్లో యాష్, స్ప్రూస్ కట్టెలు చూపిస్తారు. మన కట్టెల డిపోల్లో అవి దొరకవు, వాటి కోసం తిరగొద్దు. మనకు రెండే దారులు: సాధనం వెదురు, లేదంటే సరుగుడు. సాధనం వెదురులో బోలు తక్కువ, గట్టితనం ఎక్కువ, బరువు తక్కువ. నా ఓటు దానికే. సరుగుడు కొంచెం బరువు, కానీ రాళ్ల మీద దెబ్బలు బాగా ఓర్చుకుంటుంది. సెంట్రింగ్ పనులకు తెచ్చే కట్టెల్లోనే సన్నటిది, నిటారుగా ఉన్నది ఏరుకోవచ్చు. జామాయిల్ వద్దు. ఎండేకొద్దీ మెలి తిరిగి చీలుతుంది. టేకు పనిచేస్తుంది గానీ దానికి పెట్టే డబ్బు అనవసరం.

   వెదురు కోసం నల్లమలలోకి పోయి నరుక్కొస్తే ఏముందిలే అనుకోకండి. అది పులుల అభయారణ్యం, కేసవుతుంది. డిపోలో కొనుక్కోండి.

2. నిటారుగా ఉందో లేదో రెండు రకాలుగా చూడాలి. ఒక కొస కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూడండి. తర్వాత సిమెంటు నేల మీద దొర్లించండి. వంకర ఉంటే దొర్లేటప్పుడు ఎగిరెగిరి పడుతుంది. కొద్దిపాటి వంపు ఉన్నా వాడుకోవచ్చు, మెలి ఉంటే మాత్రం వద్దు. కోత మిషన్‌లో కోసిన కట్టె అయితే ఈనెలు, అంటే కట్టెలో పొడవునా పోయే చారలు, చూడండి. అవి కొస నుంచి కొసకు పోవాలి. మధ్యలో పక్కకు జారిపోయి ఉంటే అక్కడే విరుగుతుంది, విరిగినప్పుడు బల్లెంలా మొన తేలుతుంది. అనుమానంగా ఉంటే ఒక చుక్క ఇంకు వేయండి. ఈనె ఎటు పోతే ఇంకు అటు పాకుతుంది.

3. పచ్చి కట్టెను ఎండలో పెట్టొద్దు. కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో పచ్చి సరుగుడు కట్టె బయట పడేస్తే పొడవునా బీటలిస్తుంది. రెండు కొసలకూ పాత పెయింటు పూసి, నీడలో అడ్డంగా, నేలకు తగలకుండా రెండు మూడు నెలలు ఆరబెట్టండి. పచ్చి వెదురైతే ముందు రెండు మూడు వారాలు నీళ్లలో నానబెట్టి తర్వాత ఆరబెడితే పుచ్చు పట్టడం తగ్గుతుంది.

4. కొలతలు. పొడవు 12 అడుగులు. మీరు పొట్టివాళ్లయినా, దోనె చిన్నదైనా 11కి తగ్గించకండి. గడలో సగం మీ చేతుల్లో, దోనె అంచుకు పైన ఉంటుంది. కాబట్టి 12 అడుగుల గడతో హాయిగా పనిచేయగలిగేది 4, 5 అడుగుల లోతు వరకే. లావు సరుగుడుకు అంగుళంపావు, వెదురుకు అంగుళంన్నర. మొత్తం బరువు 3 కిలోలు దాటితే అరగంటకే భుజాలు పట్టేస్తాయి. లావుగా ఉంటే గట్టిగా ఉంటుందని అందరూ అనుకుంటారు. కానీ లావైతే బరువు కంటే పెద్ద సమస్య పిడికిట్లో ఇమడకపోవడం. బొటనవేలు మధ్యవేలిని తాకేంత లావే ఉండాలి.

   వెదురుకైతే లావుగా ఉన్న మొదలు కిందికి రావాలి. కింది కొసను ఒక కణుపుకు కాస్త కిందుగా కోయండి. కణుపు మూసుకుని ఉంటుంది కాబట్టి నీళ్లు బోలులోకి ఎక్కవు, కొస తొందరగా చీలదు.

5. నునుపు చేయడం. 80 నంబరుతో మొదలుపెట్టి 120తో ఆపేయండి. అంతకంటే నున్నగా చేస్తే తడి చేతిలో జారుతుంది. వెదురు కణుపుల దగ్గర ఉబ్బును ఆకురాయితో తీసేయండి, లోపలికి కోసుకుపోకుండా. అయ్యాక పాత సాక్సు చేతికి తొడుక్కుని గడ పొడవునా రెండు వైపులకూ జరపండి. దారం ఎక్కడ తగులుకుంటే అక్కడ పేడు ఉన్నట్టు. అరచేత్తో వెతకొద్దు.

6. పొన్ను తొడగడం. రోకలికి ఉన్నట్టే గడకూ కింద ఇనుప పొన్ను ఉండాలి. అది లేకపోతే తుంగభద్ర రాళ్ల మీద వారం తిరక్కుండానే కొస చీపురులా విచ్చుకుంటుంది. ఒక అంగుళం జీఐ పైపు లోపలి కొలత 27 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. గడ కింది 3 అంగుళాలను ఆకురాయితో అంతవరకు తగ్గించండి. తగ్గించే చోట మెట్టులా కోయకుండా ఏటవాలుగా తీసుకురండి. మెట్టు కోస్తే గడ అక్కడే విరుగుతుంది. ఈ పనిలో అందరూ చేసే పొరపాటు ఇదే.

   పొన్ను చేత్తో తోస్తే సగం దాకా పోవాలి, మిగతా సగం సుత్తి దెబ్బలకే దిగాలి. ఊరికే దిగిపోతే వదులైనట్టు. తొడిగే ముందు కొస కట్టెకు నూనె తాగించండి, తాగినంతా. కొస నుంచే నీళ్లు ఎక్కువ లోపలికి పోతాయి. తొడిగాక పక్కనుంచి ముందు సన్నటి రంధ్రం వేసి స్క్రూ బిగించండి. రంధ్రం లేకుండా మేకు కొట్టారో, కట్టె పగులుతుంది. పొన్ను అంచు, కట్టె కొస సమంగా ఉండాలి.

   వెదురుకు కింది కొస అంగుళంన్నర ఉంటే చెక్కి చిన్న పైపు తొడగకండి. వెదురు బలమంతా పై పొరలోనే. దానికి సరిపోయే పెద్ద పైపు వేయండి, లేదా కమ్మరి దగ్గర పట్టీ చుట్టించండి. ఏదీ కుదరకపోతే బైండింగ్ వైరు దగ్గర దగ్గరగా ఇరవై చుట్లు చుట్టి మెలిపెట్టండి. అందంగా ఉండదు, కొన్నాళ్లు ఆగుతుంది.

7. నూనె పట్టించడం. వార్నిష్ వద్దు. చూడ్డానికి మెరుస్తుంది గానీ చేతులకు బొబ్బలొస్తాయి, తడిస్తే జారుతుంది, రాయి తగిలిన చోట పెచ్చు లేచి నీళ్లు కిందికి దూరతాయి. ఇంట్లో ఉందని వేరుశనగ నూనె పూసేవాళ్లున్నారు, అనంతపురం వాళ్లయితే మరీ! ఆ నూనె ఆరదు. జిడ్డు పట్టి, దుమ్ము చేరి, ఎలుకలు కొరుకుతాయి. ఆముదం కూడా అంతే. అవిసె నూనె గాలికి గట్టిపడుతుంది, అందుకే అది.

   మొదటి పూతకు నూనె, టర్పెంటైన్ సమంగా కలపండి. గుడ్డతో ధారాళంగా రుద్ది, ఇరవై నిమిషాలు ఆగి, పైన మిగిలిందంతా తుడిచేయండి. తుడవకపోతే బంకలా మిగిలిపోతుంది. ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, ఉత్త నూనెతో ఇంకో రెండు పూతలు వేయండి. వెదురు పై పొర నూనె అంతగా తాగదు. దానికి కణుపుల దగ్గర, కొసల దగ్గర, గీరిన చోట పట్టిస్తే చాలు.

   జాగ్రత్త: అవిసె నూనె తడిపిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ మడతల్లో ఆ వేడి బయటికి పోలేక తనంతట తానే అంటుకుంటుంది. మే నెలలో రేకుల షెడ్డులో అయితే చెప్పనక్కర్లేదు. గుడ్డను తీగ మీద విడదీసి ఆరేయండి, లేదా బకెట్ నీళ్లలో ముంచి పెట్టండి.

   నూనె సరిగ్గా పట్టిందా? గడ మీద నీటి చుక్కలు చల్లండి. ముత్యాల్లా నిలబడితే పట్టినట్టు. పాకి, మచ్చ నల్లబడితే ఇంకో పూత వేయాలి.

8. ఆఖరున ఒక చిన్న పని. కింది కొస నుంచి 3, 4, 5, 6 అడుగుల దగ్గర పెయింటుతో సన్నటి పట్టీలు గీయండి. గడ వేసిన ప్రతిసారీ లోతు కళ్లకు కనిపిస్తుంది. 5 అడుగుల పట్టీ మునిగితే తెడ్డు చేతిలోకి తీసుకోండి.

నీళ్లలో

9. చోటు, కాలం చూసుకోండి. నేర్చుకోవడానికి తొడ లోతు నీళ్లు, గట్టి ఇసుక నేల కావాలి. తుంగభద్రలో వరద తగ్గి నీళ్లు తేటపడిన చలికాలం మంచిది. ఎండాకాలం కర్నూలు దగ్గర మడుగులే మిగులుతాయి, దోనె మోసుకుని తిరగాల్సి వస్తుంది. వానాకాలం, పైన గేట్లు ఎత్తే రోజుల్లో అసలు దిగొద్దు. కేసీ (కర్నూలు-కడప) కాలువ నున్నగా కనిపిస్తుందని అక్కడ మొదలుపెట్టేవాళ్లున్నారు. 19వ శతాబ్దంలో దాన్ని సేద్యంతో పాటు పడవల రాకపోకలకు కూడా తవ్విన మాట నిజమే. కానీ ఇప్పుడు నీళ్లు వదిలినప్పుడు ఆ వేగంలో పడితే ఎక్కడానికి గట్టు దొరకదు. వద్దు.

   పెన్నలో నేల ఇసుక, గడ బాగా ఆనుతుంది. అనంతపురం చెరువుల్లో నీళ్లు నిండినప్పుడు తుమ్మ చెట్లు మునిగి ఉంటాయి, ముళ్లు చూసుకోండి. శ్రీశైలం వెనక జలాల్లో ఇంకో చిక్కు ఉంది. డ్యామ్ కట్టినప్పుడు మునిగిన ఊళ్ల గోడలు, బావులు కిందే ఉన్నాయి. నీటి మట్టం ఏడాది పొడవునా మారుతుంటుంది. వానాకాలంలో నీళ్ల కింద ఉండే సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో బయటపడేది అందుకే. మొన్న రెండడుగులున్న చోట ఇవాళ గడ అందకపోవచ్చు. మొసళ్లు కూడా ఉంటాయి, నీళ్లలో కాళ్లు వేలాడేసి కూర్చోకండి.

   జాగ్రత్త: ఒడ్డు వెంట రైతుల మోటార్ల కరెంటు తీగలు చాలాచోట్ల కిందికి వేలాడుతుంటాయి. 12 అడుగుల తడి గడ పైకెత్తితే తీగ తగలడానికి క్షణం పట్టదు. కట్టె కదా అనుకోవద్దు, తడిసిన కట్టె కరెంటును పారిస్తుంది. తీగ కనిపించగానే గడ అడ్డంగా దించేసి తెడ్డుతో దాటండి. ఉరుములు వినిపిస్తే ఒడ్డుకు వచ్చేయండి.

10. నిలబడటం. దోనె మధ్యకు కాస్త వెనక, కాళ్లు భుజాలంత ఎడంగా, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడండి. చూపు ముందుకు, గడ వైపు కాదు. మొదటి పది నిమిషాలు గడ పట్టుకోకుండా ఊరికే నిలబడి దోనెను అటూ ఇటూ ఊపండి. ఊగడం అలవాటైతే సగం పని అయినట్టే.

11. గడ వేయడం. గడను దోనె పక్కనే, మీ తుంటికి ఎదురుగా నిలువునా జారవిడవండి. పొడవకండి, దాని బరువుకే దిగనివ్వండి. నేల తగలగానే గడ కాస్త వెనక్కి వాలుతుంది. అప్పుడు తాడు ఎక్కినట్టు చేతి మీద చేయి వేస్తూ పై కొస దాకా పోండి. చివర్లో మోకాళ్లు వంచి ఒంటి బరువుతో ఒక్క తోపు. గడ నేల విడిచాక ఒక క్షణం నీళ్లలోనే వెనక్కి ఈడ్చుకు రానివ్వండి, అదే చుక్కానిలా పనిచేస్తుంది. తర్వాత పైకి లాగి మళ్లీ వేయండి.

    గడ మీకంటే ముందు వేస్తే దోనె ఆగుతుంది, వెనక వేస్తే కదులుతుంది. ఎంత తోసినా దోనె కదలడం లేదని అడిగేవాళ్లలో ఎక్కువమంది గడను ముందు వేస్తున్నవాళ్లే. భుజంతో పక్కకు తోసేవాళ్లు దోనెను గుండ్రంగా తిప్పుకుంటారు. తోపు దోనె పొడవు వెంట, అంచుకు ఆనుకుని పోవాలి.

12. ఎదురీత, వాలు. ఎదురు నీటిలో పోయేటప్పుడు బరువు వెనక ఉండాలి, ముక్కు తేలికగా లేవాలి. ముక్కు బరువైతే ప్రవాహం దాన్ని పట్టి దోనెను అడ్డం తిప్పేస్తుంది. వాలులో దిగేటప్పుడు దీనికి తలకిందులు. మీరు ముందుకు జరిగి, గడను దోనె ముందు వేసి, వేగానికి బ్రేకు వేస్తూ దిగాలి. ఇది నేర్చుకోకుండా రాళ్ల మధ్య వాలు దిగకండి.

13. గడ ఇరుక్కుంటే. శ్రీశైలం వెనక జలాల్లో నల్లరేగడి బురద ఉన్నచోట, తుంగభద్రలో రాతి నెర్రెల్లో ఇది తప్పదు. దోనె ముందుకు పోతుంటుంది, గడ వెనకే నిలబడిపోతుంది, చేతులు మాత్రం గడను వదలవు. ఫలితం అందరికీ తెలిసిందే. ఇక్కడి చేపలవాళ్లు కొత్తవాళ్లకు మొదట చెప్పే మాట, "ఇడిసిపెట్టప్పా, గడ యాడికీ పోదు." నిజంగానే పోదు, అక్కడే నిలబడి ఉంటుంది. వదిలేసి, తెడ్డుతో వెనక్కి వచ్చి, గడను చుట్టూ తిప్పుతూ నిలువుగా లాగండి. పక్కకు వంచి లాగితే రాతి నెర్రెలో పొన్నుకు పైన విరుగుతుంది. దోనెలో తెడ్డు తప్పకుండా ఉండాలనేది ఇందుకే. తొడ లోతు నీళ్లలో దీన్ని కావాలనే సాధన చేయండి: గడ గుచ్చండి, వదలండి, తిరిగొచ్చి తీసుకోండి. చేతులకు వదలడం అలవాటు కావాలి.

    ఎప్పుడూ బురదలోనే తిరిగేవాళ్లు పొన్నుకు కాస్త పైన రెండు వైపులా జానెడు చెక్క ముక్కలు బోల్టుతో బిగించుకోవచ్చు. గడ లోతుకు దిగదు. రాళ్లలోకి పోయేటప్పుడు మాత్రం తీసేయాలి, లేదంటే అవే ఇరుక్కుంటాయి.

    ఇంకో మాట. వలల బెండ్లు వరసగా కనిపిస్తే అటు గడ వేయొద్దు. పొన్ను అంచుకు వల చిక్కితే చిరిగేది ఒకరి కూలి.

ఒడ్డుకొచ్చాక

14. గడను మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, కింది రెండడుగులను వేళ్లతో తడిమి చూడండి. గడ చెడేది దాదాపు ఎప్పుడూ అక్కడే. పొన్ను చేత్తో తిప్పితే కదులుతోందా? స్క్రూ లేచిందా? పొన్నుకు పైన కట్టె నల్లబడిందా? నల్లబడిన చోట మేకు మొనతో నొక్కండి. గట్టి కట్టెలో మొన దిగదు, కుళ్లిన దాంట్లో మెత్తగా దిగుతుంది. ఏడాదికోసారి పొన్ను ఊడదీసి, కొస ఆరబెట్టి, మళ్లీ నూనె తాగించి తొడగండి. ఈ పని ఎవరూ చేయరు, అందుకే గడలన్నీ పొన్ను లోపలి నుంచే కుళ్లుతాయి.

15. చీలిక చూడాలంటే గడను నిలువుగా పట్టుకుని సిమెంటు నేల మీద మెల్లగా తట్టండి. ఖంగుమంటే బాగున్నట్టు, బొంగురుగా మోగితే లోపల ఎక్కడో పగులు ఉన్నట్టు. వెదురులో సన్న చీలిక వస్తే సైకిల్ ట్యూబు పట్టీని లాగి బిగించి చుట్టండి. అది ఇంటికి చేరడానికే, మళ్లీ నెల తిరగడానికి కాదు. అడ్డంగా పగులు కనిపిస్తే మాత్రం ఏ మరమ్మతూ వద్దు.

16. గడను గోడకు ఆనించి పెట్టకండి, నెలకల్లా విల్లులా వంగుతుంది. చూరు కింద, ఎండ తగలని చోట, మూడు కొక్కేల మీద అడ్డంగా పెట్టండి. నేల మీద వద్దు, చెద పడుతుంది. వెదురు గడ కింద సన్నటి తెల్ల పొడి రాలుతుంటే పుచ్చు పట్టినట్టు. దాన్ని వెంటనే మిగతా కట్టెల నుంచి వేరుచేయండి.

17. సీజను మొదట్లో ఒకసారి బలం చూడండి. రెండు కొసల కింద ఇటుకలు పేర్చి, మధ్యలో పది కిలోల బియ్యం సంచి వేలాడదీయండి. గడ వంగుతుంది, వంగాలి కూడా. ఎంత వంగిందో గోడ మీద గీత పెట్టుకుంటే వచ్చే ఏడు పోల్చుకోవచ్చు. సంచి తీయగానే తిరిగి నిటారుగా రావాలి, చిటపటమనకూడదు. పోయినేటి కంటే బాగా ఎక్కువ వంగినా, వంపు నిలిచిపోయినా దాన్ని ప్రవాహంలోకి తీసుకుపోవద్దు. కింది కొస మాత్రమే పాడైతే కుళ్లిన మేరకు కోసేసి, పొన్ను మళ్లీ తొడిగి, 10 అడుగులు మిగిలితే దోనెలో రెండో గడగా వేసుకోండి.